తాతగారి పెట్టెలోని వెండి నాణెం రోమన్ చక్రవర్తి టిబీరియస్ కాలపు అసలు డినేరియస్ (నాటి రోమన్ వెండి నాణెం) అని తేల్చుకోవడం ఎలా?

కృష్ణాతీరం (ప్రశ్న):
నమస్కారం. నల్లగొండ జిల్లాలోని మా ఇంట్లో తాతగారి పెట్టెలో దొరికిన వెండి నాణెం గురించి తెలిసినవారి అభిప్రాయం కోరుతున్నాను. బరువు 3.62 గ్రాములు, వ్యాసం సుమారు 18 మిల్లీమీటర్లు. ఒకవైపు ఆకుల దండ ధరించి కుడివైపు చూస్తున్న పురుషుడి తల ఉంది. రెండో వైపు రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ, ఆమె చుట్టూ ‘పాంటిఫ్ మాక్సిమ్’ అనే అక్షరాలు ఉన్నాయి. చక్రవర్తి చెంప మీద ఉలితో కొట్టినట్టు లోతైన గాటు ఉంది. దీన్నిబట్టి ఇది నకిలీ అనుకోవాలా? గీటురాయి మీద గీసి చూద్దామని మా ఊరి కంసాలి అంటున్నారు.

పాతటంకం:
దయచేసి గీటురాయి మీద గీయించకండి, చింతపండుతో తోమకండి. మీరు వర్ణించినది క్రీ.శ. 14 నుంచి 37 వరకు పాలించిన టిబీరియస్ డినేరియస్ నమూనా. దీన్ని నేటి ఫ్రాన్స్‌లోని లియాన్‌లో, అంటే నాటి లుగ్డునమ్‌లో ముద్రించారు. మన దేశంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఇదీ, తన మనవలైన గాయస్, లూసియస్‌ల బొమ్మలతో ముందటి చక్రవర్తి అగస్టస్ ముద్రించినదీ అత్యధికం. మీ జిల్లాలోని అక్కెనపల్లి నిధి కూడా ఈ ఇద్దరు చక్రవర్తుల నాణేలతో నిండినదే. క్రీ.శ. 64లో తరువాతి చక్రవర్తి నీరో డినేరియస్ బరువునూ వెండి పాళ్ళనూ తగ్గించాడు. ఆ తరువాతివి ఇక్కడ అరుదు. కొత్తలో సుమారు 3.8 గ్రాములుండే నాణెం అరిగి 3.62కు రావడం సహజమే. అయితే నకిలీ చేసేవారు బొమ్మనూ బరువునూ సులభంగానే సరిపెట్టగలరు కాబట్టి వీటితోనే తీర్పు చెప్పలేం.

గాటు చూసి కంగారు పడకండి. మన దేశపు నిధుల్లోని చాలా రోమన్ నాణేల మీద, ముఖ్యంగా చక్రవర్తి ముఖం మీద, అలాంటి గాట్లు ఉన్నాయి. లోపలి లోహాన్ని పరీక్షించడానికి కొట్టారని కొందరు, బొమ్మను చెరపడానికని మరికొందరు పండితులు అంటారు. మీకు మాత్రం అది కిటికీ వంటిది. భూతద్దంతో గాటు అడుగున చూడండి: ఎర్రటి రాగి గానీ ఆకుపచ్చ చిలుము గానీ కనిపిస్తే, రాగి బిళ్ళకు వెండి రేకు తొడిగిన నాణెం కావచ్చు. అలాంటివి రోమన్ కాలంలోనూ చేశారు. గాటు లోపలి రంగు పైభాగపు నలుపుతో కలిసిపోతే గాటు పాతది. తళతళ మెరిస్తే ఇటీవలిది.

వెండికొలిమి:
పై మాటలకు అంచు పరీక్షను కూడా జోడిస్తాను. అచ్చులో పోత పోసిన నకిలీకి అంచు వెంట సన్నని అతుకు గీత గానీ, దాన్ని ఆకురాయితో రాసిన జాడలు గానీ ఉంటాయి. పైభాగంలో సూది మొనలంత గుంటలు, మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తాయి. సుత్తితో ముద్రించిన నాణేనికి అంచున సన్నని పగుళ్ళు ఉండవచ్చు, అక్షరాల నుంచి అంచు వైపు లోహం పారినట్టు సన్నని చారలుంటాయి.

నీటిలో తూచి సాంద్రత కనుక్కోమని కొందరు చెబుతారు. మంచి వెండికి అది 10.5కు దగ్గరగా ఉంటుంది. కానీ మీ నాణెం తొలగించే నీరు సుమారు 0.35 గ్రాములే. అది 0.36 అని చూపితే చాలు, ఫలితం 10.3 నుంచి 10.1కి పడిపోతుంది. కాబట్టి మిల్లీగ్రాము తక్కెడ లేనిదే దీనికి అర్థం లేదు. నగల దుకాణంలోని ఎక్స్‌రే యంత్రం పైపొరనే చదువుతుంది. పాత నాణేల పైపొరలో రాగి కరిగిపోయి వెండి పాలు ఎక్కువగా కనిపిస్తుంది. అయినా అందులో బంగారం, సీసం జాడలు కనిపించడం మంచి సూచనే, ఎందుకంటే నేటి శుద్ధి చేసిన వెండిలో అవి దాదాపు ఉండవు. మోత వినడానికి నాణేన్ని బండ మీద పడేయకండి. శతాబ్దాలు గడిచిన వెండి పెళుసెక్కి విరిగిపోవచ్చు.

కృష్ణాతీరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. భూతద్దంతో చూశాను. గాటు అడుగున బూడిద నలుపే ఉంది, ఎరుపు ఎక్కడా లేదు. అంచున రెండు చిన్న పగుళ్ళు ఉన్నాయి, అతుకు గీత కనిపించలేదు. విదేశంలో ధ్రువీకరించే సంస్థకు పంపవచ్చా?

పాతటంకం:
మీరు చూసినవన్నీ అసలు నాణెం వైపే మొగ్గుతున్నాయి. కానీ పంపకండి. 1972 నాటి పురావస్తు, కళాసంపద చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణేన్ని వ్యక్తులు దేశం దాటించడం నేరం. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల నాణేల విభాగాన్ని సంప్రదించి, చేతికి తీసుకుని చూడమని కోరండి. అది మీ ఇంటికి ఎలా వచ్చిందో పెద్దవాళ్ళను ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. పొలంలో దొరికిన కుండలోదైతే అది ఏ పొలమో తెలియడం చరిత్రకారులకు నాణెం కన్నా విలువైనది కావచ్చు.