శక్కర్‌నగర్‌ను ‘చక్కెరనగరం’ అని రాయాలా?

నిజామాబాద్ జిల్లా బోధన్‌ను ఆనుకొని ఉన్న శక్కర్‌నగర్ పేరు ఉర్దూ పేరు కాబట్టి తెలుగు రాతలో దానిని ‘చక్కెరనగరం’గా మార్చాలని వచ్చిన సూచనతో నేను ఏకీభవించలేను. ఆ ఊరి పుట్టుకను, ఆ మాట పుట్టుకను కలిపి చూస్తేనే కారణం తెలుస్తుంది.

మంజీరా నదిపై నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. ఏడాది పొడవునా నీరు కోరే చెరకు పంటకు ఆ కాలువలు ఆధారమయ్యాయి, 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. నరికిన చెరకు నిలవ ఉన్నకొద్దీ రసంలో తీపి తగ్గిపోతుంది గనుక ఫ్యాక్టరీ పొలాల నడుమనే ఉండక తప్పదు, పనివారి ఇళ్లు ఫ్యాక్టరీ పక్కనే ఉండక తప్పదు. అలా వెలసిన నివాసానికి, ఆనాటి హైదరాబాద్ రాజ్యపు అధికార భాష ఉర్దూ కావడం వల్ల, శక్కర్‌నగర్ అనే పేరు స్థిరపడింది. గ్రామదేవత పేరో, చెరువు పేరో, దొర పేరో కాక అక్కడ తయారయ్యే సరుకే ఊరి పేరు కావడం మన పల్లెల్లో అరుదైన సంగతి.

ఇక మాట విషయం. సంస్కృత ‘శర్కర’కు మొదటి అర్థం గులకరాయి, ఇసుక పలుకు, పలుకులుగా ఉండే తీపి పదార్థానికి ఆ పేరు తరువాత వచ్చింది. అది ప్రాకృతంలో ‘సక్కర’ అయి, తెలుగులో ‘చక్కెర’గా, కన్నడంలో ‘సక్కరె’గా నిలిచింది. అదే మాట పారశీకానికి వెళ్లి ‘షకర్’ అయింది, ఉర్దూలో ‘శక్కర్’గా వినిపిస్తుంది. కాబట్టి శక్కర్, చక్కెర ఒకే తల్లి బిడ్డలు. ఒకదానిని పరాయిదని తోసివేసి మరొకదానిని నిలబెట్టడంలో అర్థం లేదు. పైగా తెలంగాణ పల్లెల్లో వాడుక మాట ‘శక్కర’. ఊరి పేరు అక్కడి జనం నోటికి ఎన్నడూ కొత్తగా తోచి ఉండదు.

నిజాంసాగర్ ఆయకట్టులో సాగు కోసం కోస్తా జిల్లాల నుంచి అనేక కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి, వారి నివాసాలను నేటికీ ‘క్యాంపులు’ అనే పిలుస్తారు. వారు తెచ్చుకున్న మాట ‘పంచదార’. ఒకే కాలువ కింద, ఒకే ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతులు దాని నుంచి వచ్చే సరుకును రెండు పేర్లతో పిలిచారన్నమాట. అయినా కోస్తాలో ‘చక్కెర’ పూర్తిగా మరుగున పడలేదు: పంచదార అనేవారు కూడా ఒక రకం అరటిపండును చక్కెరకేళి అనే అంటారు, కావ్యభాషలో మన్మథుడు చక్కెరవిలుకాడు.

ఇలాంటి పేరే కాగజ్‌నగర్. అక్కడ సిర్పూర్ కాగితపు మిల్లును 1938లో స్థాపించారు. దానిని ‘కాగితనగరం’ అని మార్చమని ఎవరూ అడగడం లేదు. అడిగినా ప్రయోజనం లేదు, ఎందుకంటే మన ‘కాగితం’ కూడా ఆ ‘కాగజ్’ నుంచి వచ్చినదే.

ఇంకొక కారణం నాకు వీటన్నిటికంటే ముఖ్యం. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ ఊరు ఎందుకు పుట్టిందో, ఏ పాలనలో, ఏ భాషలో దానికి పేరు పెట్టారో చెప్పే ఆధారం ఆ పేరులోనే ఉంది. ‘చక్కెరనగరం’ అని రాస్తే సరుకు పేరు మిగులుతుంది కానీ 1937 నాటి హైదరాబాద్ రాజ్యం కనబడకుండా పోతుంది.

రాతలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. పొల్లు ‘ర్’ తరువాతి ‘న’తో కలిసిపోయి ‘శక్కర్నగర్’ అని అచ్చయితే మాట విరుపు తెలియదు. పొల్లును విడిగా నిలిపి ‘శక్కర్‌నగర్’ అనో, స్థానిక ఉచ్చారణను అనుసరించి ‘శక్కరనగర్’ అనో రాయడం మేలు.