నాలుగేళ్ల పాపకి ఎగ్జిమా, స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాయాలంటే భయంగా ఉంది

పాప వాళ్ళమ్మ:
మా పాపకి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం గరుకుగా లేచి నల్లబడింది. రాత్రి నిద్రలోనే గోకేసుకుంటుంది. పొద్దున చూస్తే దుప్పటి మీద రక్తపు మరకలు. డాక్టరు గారు అటోపిక్ ఎగ్జిమా అని చెప్పి ఒక స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్, మాయిశ్చరైజర్ రాసిచ్చారు. స్టెరాయిడ్ అనగానే ఇంట్లో అందరూ వద్దంటున్నారు. నేనూ భయపడి బొట్టంత తీసి రెండు రోజులు రాసి ఆపేస్తున్నాను. నాలుగో రోజుకి మళ్లీ మొదటికొస్తోంది. మూడు నెలలుగా ఇదే వరస.

నిన్న బడిలో ఒక పిల్ల "నీకు తామర, మాకు అంటుకుంటుంది" అని పక్కన కూర్చోలేదట. ఇంటికొచ్చి "అమ్మా, నేను మురికిగా ఉన్నానా?" అని అడిగింది. దగ్గరికి తీసుకున్నాను గానీ నోట మాట రాలేదు. ఇది పూర్తిగా పోయే దారి ఉందా?

ముప్ఫై ఏళ్ల దురద:
పాప అడిగిన మాట చదివి కాసేపు కదల్లేకపోయానండి. ఏడేళ్లప్పుడు నేనూ మా అమ్మని అదే అడిగాను. పాపకి ఈరోజే చెప్పండి, మురికికీ దీనికీ సంబంధం లేదని, ఎవరికీ అంటుకోదని. ఫంగస్ వల్ల వచ్చేదాన్నీ, ఎగ్జిమానీ కూడా మనవాళ్లు తామర అనే అంటారు. అంటుకునేది మొదటిదే. ఈ తేడా టీచరుకి చెప్పండి. డాక్టరు చేత రెండు ముక్కలు రాయించి ఇస్తే ఇంకా మంచిది.

జబ్బు సంగతికొస్తే, చర్మం పైపొర ఒంట్లో నీటిని పట్టి ఉంచాలి. అందుకు ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కావాలి. ఎగ్జిమా ఉన్నవాళ్లలో కొందరికి ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువులోనే లోపం ఉంటుందని 2006లో తేలింది. పైపొర బలహీనమైతే నీరు ఆవిరైపోతుంది, సబ్బూ దుమ్మూ లోపలికి చేరతాయి. వాటి మీద ఒళ్లు యుద్ధానికి దిగడం వల్లే ఈ వాపు, దురద. గోకితే పొర ఇంకా చీరుకుపోతుంది, దురద ఇంకా పెరుగుతుంది. అందుకే మాయిశ్చరైజర్‌ని సోకు కింద లెక్కేయకండి, వైద్యంలో సగం అదే. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే దండిగా రాయండి. మామూలు సబ్బు మానేయండి, అది పైపొరని ఇంకా పాడుచేస్తుంది.

ఇక స్టెరాయిడ్. మీరు చేస్తున్న తప్పు నేను పన్నెండేళ్లు చేశాను. మంట సగం ఆరగానే ఆపేసేదాన్ని. చివరికి ఒక డాక్టరమ్మ నా చూపుడువేలి మీదే కొలిచి చూపించారు. పెద్దవాళ్ల వేలి కొస నుంచి మొదటి గీత దాకా ఆయింట్‌మెంట్ పిండితే సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. నేను రాసింది అందులో పదో వంతు కూడా లేదు! చర్మం పలచబడుతుందన్నది నిజమే. కానీ అది ఎక్కువగా బలమైన రకాన్ని అడిగేవాళ్లు లేకుండా నెలల తరబడి రాసినప్పుడు జరుగుతుంది. డాక్టరు చెప్పిన రకాన్ని, చెప్పినన్ని రోజులు రాస్తే అంత టెన్షన్ అక్కర్లేదు.

చాలామంది పిల్లలకి పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. నాకు తగ్గలేదు, కానీ అదుపులో ఉంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. పంతొమ్మిదేళ్లప్పుడు నాకు ఉన్నట్టుండి జ్వరం వచ్చి, ఎగ్జిమా ఉన్నచోట చిన్న పొక్కులు గుంపుగా లేచాయి. అవి చితికి గుంటల్లా పుండ్లు పడ్డాయి. హెర్పిస్ వైరస్ చేరిందన్నారు. అలాంటివి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే చూపించండి.

రెండుసార్లు మోసపోయినవాడు:
పైన రాసినదంతా ఎగ్జిమా అని డాక్టరు తేల్చాకే. నా తొడ మీద గుండ్రటి మచ్చని ఎగ్జిమా అనుకుని, తెలిసినవాళ్లిచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ రాశాను. వారంలో దురద పోయింది, నెలలో మచ్చ నడుము దాకా పాకింది. పొట్టు గీరి పరీక్ష చేస్తే ఫంగస్ అని తేలింది. పాపకి ఇచ్చిన ట్యూబ్ ఇంట్లో ఇంకెవరూ వాడకుండా చూసుకోండి.

పాప వాళ్ళమ్మ:
పన్నెండు రోజులైంది. డాక్టరు గారికి ఫోన్ చేసి ఎంత రాయాలో, ఎన్నాళ్లు రాయాలో అడిగి, వేలి కొలతతోనే రాశాను. మోచేతుల్లో నున్నగా అయింది. నిన్న రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు. మోకాళ్ల వెనక నలుపు మాత్రం పోలేదు. ఆయింట్‌మెంట్ ఇంకా రాయాలా?

ముప్ఫై ఏళ్ల దురద:
నిద్రపోయిందన్న మాట చాలండి నాకు! కళ్లు మూసుకుని వేలితో తడిమి చూడండి. గరుకు లేకుండా, దురద లేకుండా ఉంటే మిగిలింది వాపు తగ్గాక ఉండే మచ్చే. దానికోసం స్టెరాయిడ్ రాయక్కర్లేదు, నెలల మీద అదే పలచబడుతుంది. ఎప్పుడు ఆపాలో డాక్టరు గారిని ఒక మాట అడగండి. మాయిశ్చరైజర్ మాత్రం రోజూ రాస్తూనే ఉండండి.