టూ బ్యాడ్ జిమ్: గరగర నా సెట్‌దా, రికార్డుదా?

గోదారిగట్టు:
అమెరికా బ్లూస్ గాయకుడు, గిటారిస్టు ఆర్.ఎల్. బర్న్‌సైడ్ ఆల్బమ్ ‘టూ బ్యాడ్ జిమ్’ (1994) రెండు వారాలుగా వింటున్నా. ఆ గరగరకి మొదట స్పీకర్ పోయిందనుకున్నా. ఏ కార్డు (గిటార్ మీద కలిపి మీటే స్వరాల గుంపు) మీద మొదలెడితే దాని మీదే పాట అయిపోతోంది. రికార్డింగే అంతా? రెండు వేల లోపు ఇయర్‌ఫోన్స్ ఏవి మంచివి? దీని తర్వాత ఏం వినాలి?

స్లైడ్‌సుబ్బు:
సెట్ బాగానే ఉంది బాబూ. మిసిసిపీలోని చులహోమాలో బ్లూస్ గాయకుడు జూనియర్ కింబ్రో నడిపిన జూక్ జాయింట్‌లో రికార్డు చేశారది. జనం తాగి చిందులేసే చోటు, స్టూడియో కాదు. అసలు సిసలు డెల్టా బ్లూస్. 22 ఏళ్లుగా గిటార్ వాయిస్తున్నా, నా మాట విను.

మెంఫిస్‌మావయ్య:
డెల్టా కాదండీ, హిల్ కంట్రీ బ్లూస్. డెల్టా అంటే పడమట మిసిసిపీ నది వైపు చదును నేల. చులహోమా ఉన్న హాలీ స్ప్రింగ్స్ వైపు మిట్టపల్లాలు. అక్కడ కార్డులు మార్చడం కాదు, దరువు ముఖ్యం.

స్లైడ్‌సుబ్బు:
డెల్టాలో పెరిగిన బ్లూస్ దిగ్గజం మడ్డీ వాటర్స్ బర్న్‌సైడ్‌కి చుట్టం. షికాగోలో ఆయన దగ్గరికి వెళ్లొచ్చేవాడు. అది మర్చిపోయారా?

మెంఫిస్‌మావయ్య:
చుట్టరికంతో బాణీ వచ్చేస్తుందా? మా బావమరిది హరికథ చెప్తాడు, నేను ఎక్సెల్ చూసుకుంటున్నా. బర్న్‌సైడ్ నేర్చుకున్నది హిల్ కంట్రీ గిటారిస్టు ఫ్రెడ్ మెక్‌డవెల్ దగ్గర.

తంబురాశాస్త్రి:
ఒకే కార్డని ఏడుపెందుకు? మన తంబురా గంటల తరబడి ఒకే శ్రుతి పలకదూ?

ఓరుగల్లోడు:
అన్నా, తంబుర ఎన్కనుంచి మోగుతది, పాట ముంగట ఉంటది. ఈడ ఆ మీటుడే పాట. ‘గోయింగ్ డౌన్ సౌత్’ ఇను. బొటనవేలు మందపు తీగ మీద ఒక్క తీరుగ కొడ్తనే ఉంటది, గొంతు అరఅడుగు ఎన్కబడి ఈడ్సుకుంట వస్తది. పోల్చాల్నంటే ఒగ్గు డోలుతోని పోల్చు.

తంబురాశాస్త్రి:
సంగీతం తెలియనివాళ్లతో వాదించను.

ఓరుగల్లోడు:
వాదించకు, ఇను చాలు.

రాత్రిరెండు:
మా అమ్మ వంటింట్లోంచి వచ్చి “మిక్సీలో చెంచా పడిందేంట్రా?” అంది. బర్న్‌సైడ్‌దే 1998 నాటి ‘కమ్ ఆన్ ఇన్’ పెట్టా, అందులో కంప్యూటర్ దరువులు కలిపారుగా, అది బాగుందంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ముసలాయన చేతి బరువంతా అందులో పోయింది.

గోదారిగట్టు:
ఆ జూక్ జాయింట్ ఇంకా ఉందా?

మెంఫిస్‌మావయ్య:
లేదు, 2000లో కాలిపోయింది. కింబ్రో 1998లోనే పోయాడు, బర్న్‌సైడ్ 2005లో. ఒకసారి కారేసుకుని ఆ దారిన వెళ్లా. మా ఆవిడ కారు దిగనే లేదు. “ఏముందని ఇక్కడ?” అంది. ఏం చెప్పను! తర్వాత ఏం వినాలన్నావుగా, కింబ్రో ‘ఆల్ నైట్ లాంగ్’ (1992) విను, రాత్రి పూట.

రాత్రిరెండు:
నేనూ స్లైడ్ (వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చడం) మొదలెడదామనుకుంటున్నా. గ్లాసుది కొనాలా, స్టీలుదా?

స్లైడ్‌సుబ్బు:
గ్లాసుదే. వేలికి పట్టే సీసా మెడ కోయించుకో, అంచు నున్నగా అరగదీయించు. అసలు డెల్టాలో ఏం చేసేవాళ్లంటే...

మెంఫిస్‌మావయ్య:
మళ్లీనా!