పూర్వపక్షం చేయడం అంటే ఖండించడమా?

అందరికీ నమస్కారం. ఈసారి మన భాషా గుంపుకు నేను తెచ్చిన మాట "పూర్వపక్షం".

పోయిన నెల ఒక మిత్రుడి వ్యాసం దిద్దుతుంటే ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: "ప్రతిపక్షం లేవనెత్తిన అభ్యంతరాలను మంత్రి పూర్వపక్షం చేశారు." ఖండించారు, తిప్పికొట్టారు అని ఆయన ఉద్దేశం. ఈ అర్థంలో ఈ మాట వాడటం మామూలైపోయింది. తప్పు అని కొట్టేయను. పదిమంది వాడే అర్థాన్ని కాదనడానికి మనమెవరం? కానీ పాత అర్థం తెలిస్తే మనసు కొంచెం చివుక్కుమంటుంది.

శాస్త్రం రాసేవాడు తన సిద్ధాంతం చెప్పే ముందు, దాన్ని ఒప్పుకోనివాడు ఏమంటాడో చెప్పాలి. అదే పూర్వపక్షం. పూర్వ అంటే ముందు. ఎదుటివాడి మాటకే మొదటి చోటు. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసా శాస్త్రంలో ఒక అధికరణం, అంటే ఒక అంశం మీద విచారణ, నడిచే తీరు చూడండి: విషయం, దాని మీద సంశయం, తర్వాత పూర్వపక్షం, ఆ తర్వాతే సిద్ధాంతం. మధ్యలో మెట్టు ఎగ్గొట్టడానికి లేదు. పైగా ఆ పూర్వపక్షం బలంగా ఉండాలి. చదువుకునే రోజుల్లో నేను రెండు మూడుసార్లు పూర్వపక్షాన్నే గ్రంథకర్త అభిప్రాయం అనుకుని పేజీలకు పేజీలు చదివేశాను. అంత నిజాయితీగా రాసేవారు. తనకు నచ్చని మాటను, నచ్చినవాడు చెప్పినట్టే చెప్పేవారు.

అంటే "పూర్వపక్షం చేయడం" ఒకప్పుడు ఎదుటివాడి వాదాన్ని నిలబెట్టడం. ఇప్పుడు పడగొట్టడం.

ఈ మాట ఇప్పుడే ఎందుకు ఎత్తానో కూడా చెప్పాలి. ఎన్నికల తర్వాత మా బాబాయి, మా పెద్దన్నయ్య ఎనిమిది నెలలు మాట్లాడుకోలేదు. ఒకే ఇంట్లో భోజనానికి కూర్చుని, ఒకరి మాట ఇంకొకరితో చెప్పించుకునేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "అన్నయ్యా, బాబాయి అసలు ఏమన్నాడో ఒక్కసారి చెప్పు." "వాళ్ల నాయకుడికి తప్ప ఎవరికి ఓటేసినా ద్రోహమే అన్నాడు" అన్నాడు. పక్క గదిలోంచి బాబాయి వచ్చాడు. "నేనా మాట అనలేదురా. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో లెక్క చెప్పని పార్టీకి ఓటేయను అన్నాను. మీ పార్టీ చెప్పలేదు, అంతే." అన్నయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చెప్పాల్సిందే కదా" అన్నాడు. ఆ రోజుతో అంతా సర్దుకుందని చెప్పను. ఇద్దరి ఓట్లూ మారలేదు. కానీ ఎనిమిది నెలలు వాళ్లు పోట్లాడింది ఎవరూ అనని మాట మీద.

ఒక సభ్యురాలు: చాలా బాగుందండీ. అయితే ఖండించడం అన్న అర్థం ఎలా వచ్చి చేరిందంటారు?

నేను: నా ఊహ చెబుతానండీ. గ్రంథాల్లో పూర్వపక్షం చివరికి ఎప్పుడూ ఓడిపోయేదే. సిద్ధాంతం వచ్చేసరికి అది పక్కకు పోతుంది. అందుకని "పూర్వపక్షమైపోయింది" అంటే "వీగిపోయింది" అని వినేవాళ్లకు స్థిరపడి ఉంటుంది. ఫలితం ఒక్కటే గుర్తుండి, దారి మరుపుకొచ్చింది. "పక్షం" మాట కూడా చూడండి. రెక్క, వైపు, పదిహేను రోజులు, అన్నీ అదే. పక్షి అంటే రెక్కలున్నది. పక్షపాతం అంటే ఒక వైపుకు పడిపోవడం. తర్కంలో ఇంకో పారిభాషిక అర్థం ఉంది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు "సందిగ్ధసాధ్యవాన్ పక్షః" అన్నాడు. కొండ మీద పొగ చూసి నిప్పు ఉందా అని విచారిస్తున్నాం, అప్పుడు కొండ పక్షం. తేలాల్సిన సంగతి ఇంకా తేలని చోటు అన్నమాట. వాదంలో పక్షానికీ దీనికీ తేడా ఉంది, కలిపేయకూడదు. అయినా పక్షం అనగానే సందేహం కూడా గుర్తుకురావడం నాకు ఇష్టం.

ఇంకొక సభ్యుడు (సంస్కృతం చెప్పి రిటైరైన మాస్టారు): నాయనా, తర్కశాస్త్రానికి మూలమైన న్యాయసూత్రాల్లో వాదానికి ఇచ్చిన లక్షణంలోనే "పక్షప్రతిపక్షపరిగ్రహో వాదః" అని ఉంది. ఒకరు పక్షాన్ని, ఒకరు ప్రతిపక్షాన్ని తీసుకుంటేనే వాదం. ప్రతిపక్షం లేనిచోట వాదమే లేదు. మనం వార్తల్లో రోజూ వినే మాట అంత పాతది. మాటల పోరు మూడు రకాలన్నారు: వాదం, జల్పం, వితండం. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. ఈ రోజుల్లో మొండిగా వాదిస్తే వితండవాదం అంటున్నారు. అసలు సంగతి మొండితనం కాదు, సొంత పక్షం లేకపోవడం.

నేను: మాస్టారూ, నమస్కారం. ఈ ఒక్క వ్యాఖ్యతో నా పోస్టు నిండింది. జల్పంలో వాడే ఛలం గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఎదుటివాడి మాటకు కావాలని వేరే అర్థం తీసి దబాయించడమే ఛలం. ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన న్యాయభాష్యంలో ఉదాహరణ భాషా గుంపుకు సరిగ్గా సరిపోయేది. "నవకంబళోఽయం మాణవకః", ఈ కుర్రాడు కొత్త కంబళి కప్పుకున్నాడు అని ఒకడంటాడు. రెండోవాడు "తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయి, ఒక్కటే కదా?" అని దబాయిస్తాడు. నవ అంటే కొత్త, నవ అంటే తొమ్మిది. మాట్లాడినవాడు కొత్త అన్నాడని ఇతనికి బాగా తెలుసు. ఒక నాయకుడి గంట ప్రసంగంలోంచి పది సెకన్ల ముక్క కోసి, ఆయన అనుకోని అర్థంలో ఫోన్లకు పంపడం ఇదే. ఆ ముక్క చూసి కోపం తెచ్చుకున్నవాడు తొమ్మిది కంబళ్ల మీద కోపం తెచ్చుకున్నాడు.

ఒక యువ సభ్యురాలు: నాకు ఒక అభ్యంతరం ఉందండీ. ఎదుటివాడి మాటకు మొదటి చోటు ఇవ్వాలంటున్నారు, బాగానే ఉంది. ఓట్ల లెక్కింపునే ఒప్పుకోనివాడికి? ఒక వర్గానికి ఓటు హక్కే ఉండకూడదు అనేవాడికి? వాళ్లకూ నిజాయితీగా పూర్వపక్షం రాసి పెట్టాలా? అలా చేస్తే వాళ్ల మాటకు మనమే మర్యాద తెచ్చిపెట్టినట్టు అవుతుంది. నాకు ఇది చదివితే నిజంగా టెన్షన్ వచ్చింది.

నేను: అమ్మా, ఈ థ్రెడ్‌లో ముఖ్యమైన ప్రశ్న ఇదే. మాస్టారు చెప్పిన సూత్రంలో ముందు భాగం కూడా చూద్దాం. వాదం ప్రమాణంతో, అంటే ఆధారంతో, తర్కంతో నడవాలి. "సిద్ధాంతావిరుద్ధః", అంటే ఒప్పుకున్న సిద్ధాంతానికి విరుద్ధం కాకూడదు. ఇద్దరూ ముందే ఒప్పుకున్నవి కొన్ని ఉంటాయి. అవి కింద నేల. నేల మీద నిలబడి ఎంతైనా వాదించుకోవచ్చు, నేలనే తవ్వేస్తే అది వాదం కాదు. ప్రజాస్వామ్యంలో ఆ నేల ఏది? అందరికీ ఓటు, నిజాయితీగా లెక్క, ఓడినవాడికి మళ్లీ నిలబడే హక్కు, ఎవరి మీదా చెయ్యి లేవకపోవడం. పన్ను ఎంత ఉండాలి, బడి ఎలా నడవాలి, ఎవరు గెలవాలి, ఇవన్నీ పైన వాదాలు. వాటన్నిటికీ పూర్వపక్షం రాయాల్సిందే.

లెక్కింపు మీద అనుమానం ఉన్నవాడిని మాత్రం మొదటి రోజే తోసిపారేయకూడదు. అనుమానం సంశయం, అది విచారణలో రెండో మెట్టు. ప్రమాణం చూపించు అని అడగాలి, మళ్లీ లెక్కపెట్టాలి, కోర్టుకు వెళ్లనివ్వాలి. ఇవన్నీ అయ్యాక కూడా ప్రమాణం లేకుండా అదే మాట అంటుంటే, అప్పుడు పక్షమని దాన్ని గౌరవించనక్కర్లేదు. న్యాయసూత్రాల్లో నిగ్రహస్థానాలు 22 చెప్పారు. వాదంలో ఓడిపోయావని తేల్చే చోట్లు. ఓడిపోవడం ఎలా ఉంటుందో వాదం మొదలవక ముందే రాసిపెట్టుకున్నారు! ఎన్నిక కూడా అలాంటి ఒప్పందమే. ఓడితే దిగిపోతాను అని ఒప్పుకున్నాకే పోటీ చేస్తాం.

ఓటు హక్కు తీసేయాలనేవాడి మాట మీకు వివరంగా తెలిసి ఉండటం మాత్రం అవసరమే. అది గౌరవానికి కాదు. అతని మాట విని తల ఊపుతున్న పక్కవాడికి జవాబు చెప్పాలి కదా, అందుకు.

ఒక సభ్యుడు: ఇవన్నీ పండితుల సభలకు సరేనండీ. లక్షలమంది ఓటేసేచోట ఎవరు ఎవరి పూర్వపక్షం వింటారు?

నేను: జరుగుతున్న చోట్లు ఉన్నాయండీ. స్విట్జర్లాండ్‌లో దేశమంతటా ప్రజాభిప్రాయ ఓటింగ్ జరిగే ముందు ఓటర్లకు ఒక చిన్న పుస్తకం అందుతుంది. అందులో ప్రభుత్వం మాటతో పాటు, ఆ ఓటింగ్ కోరిన కమిటీ మాట కూడా అచ్చు వేస్తారు. ఐర్లాండ్‌లో 2016లో 99 మంది మామూలు పౌరులను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, ఒక అధ్యక్షురాలిని పెట్టి సభ నడిపారు. గర్భస్రావం మీద రాజ్యాంగ నిషేధం ఉంచాలా వద్దా అన్నది విషయం. దేశాన్ని దశాబ్దాలుగా రెండుగా చీల్చిన సంగతి. వారాంతాల్లో కూర్చుని నిపుణులను విన్నారు, అటువాళ్లనూ ఇటువాళ్లనూ విన్నారు, గుండ్రటి బల్లల చుట్టూ మాట్లాడుకున్నారు, ఓటేసి సిఫారసు చేశారు. 2018 మేలో దేశమంతా ఓటేస్తే మార్పు వైపు 66.4 శాతం వచ్చింది. ఓడినవాళ్లకు బాధ లేదని కాదు. తమ మాట చెప్పుకోవడానికి ఒక చోటు దొరికింది.

అంత పెద్దవి మన చేతిలో లేవు, నిజమే. ఒక ప్రజా విచారణకు వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడే అవకాశం వస్తే, మొదటి నిమిషం అవతలివాళ్ల మాటకు ఇచ్చి చూడండి. నేను చేశాను. అప్పటిదాకా కుర్చీలో వెనక్కి వాలి ఉన్నవాళ్లు ముందుకు వంగారు.

మొదటి సభ్యురాలు: ఇంతకీ ఆ వ్యాసంలో వాక్యం ఏం చేశారు?

నేను: మిత్రుడికి ఫోన్ చేసి "ఆ అభ్యంతరాలు ఏమిటండీ?" అని అడిగాను. వ్యాసంలో అవి ఎక్కడా లేవు. ఆయన కాసేపు ఆలోచించి, చూసి చెబుతానన్నారు. రెండు రోజులకు నాలుగు వాక్యాలు పంపారు. వాటిలో మూడో అభ్యంతరానికి మంత్రి దగ్గర జవాబు లేదని ఆయనే గమనించారు. ఇప్పుడు ఆ పేరాలో ముందు ఆ నాలుగు వాక్యాలు ఉన్నాయి, తర్వాత మంత్రి జవాబు ఉంది, మూడోదానికి జవాబు రాలేదన్న ముక్కా ఉంది. "పూర్వపక్షం" అన్న మాట మాత్రం తీసేశాం.