జాగ్వార్ ఈ-టైప్: తొలినాళ్ల ఆరు సిలిండర్ల బండా, చివరి వీ12 బండా?

దూరప్రయాణి:

అందరికీ నమస్కారం. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న డబ్బుతో ఒక ఈ-టైప్ (జాగ్వార్ వారి పాత స్పోర్ట్స్ కారు) కొనే అవకాశం నాకు ఇప్పటికి కుదిరింది. రెండోది కొనే స్తోమత ఎప్పటికీ ఉండదు కనుక ఈ ఒక్కదాన్ని పొరపాటు లేకుండా ఎంచుకోవాలని నా ఆరాటం. వెతగ్గా వెతగ్గా రెండు బండ్లు మిగిలాయి. ఒకటి 1962 చివర్లో తయారైన 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల, రెండు సీట్ల కూపే (కప్పు కదలని రకం). రెండోది 1973 నాటి 5.3 లీటర్ల వీ12 (పన్నెండు సిలిండర్లు రెండు వరసల్లో ఉన్న ఇంజిన్), టాపు మడిచే రకం. వీ12 ధర బాగా తక్కువ.

అడిగిన వాళ్లలో ఒకరు తొలి బండి తప్ప మిగిలినవి ఈ-టైప్‌లే కావన్నారు, ఇంకొకరు తొలి బండి చూసుకోవడానికే తప్ప నడపడానికి పనికిరాదన్నారు. ఇద్దరూ ఎంతో కాలంగా ఈ బండ్లతో ఉన్నవాళ్లే కావడంతో నా అయోమయం పెరిగింది. నేను బండికి గుడ్డ కప్పి దాచుకునే మనిషిని కాను. నెలకు రెండు మూడు సార్లు దూర ప్రయాణం చేస్తాను. కార్బొరేటర్లు, బ్రేకుల వంటి పనులు సొంతంగా చేసుకోగలను. ఎత్తు ఆరడుగులకు కాస్త పైన. ఏది తీసుకోమంటారో, ఎందుకో వివరంగా చెప్పగలరు.

తొలిమోజు:

దూరప్రయాణి గారూ, 3.8 తీసుకోండి. రేపు ధర పెరుగుతుందని నేను ఈ మాట చెప్పడం లేదు. 1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో ఈ బండిని ఆవిష్కరించినప్పుడు, ఎక్కి చూస్తామన్న వాళ్ల తాకిడికి ఒక్క బండి సరిపోక, జాగ్వార్ అధిపతి సర్ విలియం లయన్స్ కబురు పంపితే టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నుంచి రాత్రికి రాత్రి రెండో బండిని స్వయంగా నడుపుకుంటూ తీసుకువెళ్లారు. ఇంకా జనం చేతికి వెళ్లని కొత్త మోడల్‌ను అంత దూరం ఆగకుండా పరుగెత్తించారంటే, దూర ప్రయాణానికి ఇది పనికిరాదన్న మాటకు అంతకన్నా జవాబు ఏం కావాలి?

మాల్కమ్ సేయర్ విమానాల కంపెనీలో పనిచేసి వచ్చిన మనిషి. 1955 నుంచి వరసగా మూడేళ్లు లీమాన్స్ 24 గంటల పందెం గెలిచిన డీ-టైప్ రేసు కారుకు రూపమిచ్చింది ఆయనే. ఈ-టైప్‌లోని ప్రతి వంపునూ ఆయన లెక్కగట్టి గీశారు. ముందున్న చిన్న నోరు, అద్దాల వెనక ఒదిగిన హెడ్‌లైట్లు, చేతి వేళ్లంత సన్నగా చుట్టిన బంపరు, ఇవన్నీ ఒకే గీతలో భాగాలు. తొలి బండి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 96 అంగుళాలు, వీ12ది 105. అంటే మధ్యలో తొమ్మిది అంగుళాలు చేర్చారు. కూపే అందమంతా తలుపు వెనక నుంచి తోక దాకా జారే కప్పులోనే ఉంది. ఆ రెండు సీట్ల కూపే వీ12లో అసలు తయారే కాలేదు, నాలుగు సీట్ల కూపే మాత్రమే వచ్చింది. బరువు కూడా తొలి బండితో పోలిస్తే రెండు వందల కిలోలకు పైగా పెరిగింది.

సొంతంగా పని చేసుకుంటానన్నారు కనుక ఒకటి చెబుతాను. 3.8కు మూడు ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్లు ఉంటాయి. పైనున్న మూత విప్పి, కాస్త నూనె పోసి, లోపలి పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదలండి. అది నిదానంగా దిగి, అడుగున 'ఠక్' మని ఆనిందంటే సూది సరిగ్గా నడి మధ్యన ఉన్నట్టు. ఆ చప్పుడు రాకపోతే సూదిని మళ్లీ మధ్యకు సర్దుకోవాలన్నమాట. అరవై ఏళ్ల నాటి ఇంజిన్ తన ఆరోగ్యం సంగతి ఇంత సూటిగా చెప్పడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

పన్నెండు:

తొలిమోజు గారి ప్రేమను గౌరవిస్తూనే, అడిగిన మనిషి అవసరం పక్కకు పోయిందని మనవి చేస్తున్నాను. ఆయన ఎత్తు ఆరడుగులకు పైన. 1962 తొలి నెలల వరకు వచ్చిన బండ్లలో నేల చదునుగా ఉండేది, కాళ్లు పెట్టుకునే చోటే చాలకపోవడంతో తరువాత పాదాల దగ్గర పల్లం చేశారు. ఆయన చూసిన బండి ఆ మార్పు తరువాతిది కావచ్చు, కానీ సీట్లు మాత్రం పాత డొప్పలే. రెండు గంటలు నడిపాక నడుము ఏమంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. వీ12లో పెరిగిన ఆ తొమ్మిది అంగుళాలను తప్పుగా చూపిస్తున్నారు గానీ, అవి నడిపే మనిషికి దక్కిన చోటు.

ఇక గేరుబాక్స్. 3.8లోని మాస్ గేరుబాక్స్‌లో మొదటి గేరుకు సింక్రో (గేరు పళ్లచక్రాల వేగాలను కలిపే ఏర్పాటు) లేదు. ఆగి ఉన్న బండిలో కూడా ముందు రెండో గేరును తాకించి, లోపల తిరుగుతున్న పళ్లచక్రాలు నెమ్మదించాక మొదటి గేరు వేయాలి. లేదంటే గరగరమని మొత్తుకుంటుంది. అప్పుడప్పుడు నడిపేవారికి అదొక సరదా, కానీ ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కుంటే శిక్ష. వీ12లో అన్ని గేర్లకూ సింక్రో ఉంది, పవర్ స్టీరింగ్ బండితో పాటే వచ్చింది, ముందు బ్రేకు డిస్కులు గాలి ఆడే రకం.

ఇంజిన్ సంగతి చెప్పాలంటే, జాగ్వార్ ఇంజనీర్లు వాల్టర్ హాసన్, హ్యారీ మండీ కలిసి రూపొందించిన ఈ పూర్తి అల్యూమినియం ఇంజిన్ నాలుగో గేరులో నడక వేగం నుంచి కూడా కుదుపు లేకుండా లాగుతుంది. పికప్ కోసం గేరు వెతుక్కునే పని ఉండదు. రోడ్డు మీద రోజంతా గడపాలనుకునే మనిషికి కావలసింది ఇదే. తొలి బండి గంటకు 150 మైళ్లు అందుకుందన్న పేరు కూడా పత్రికల పరీక్ష కోసం ప్రత్యేకంగా సిద్ధం చేసిన బండ్ల వల్ల వచ్చినదే. మామూలుగా అమ్మిన బండ్లు అంత వేగం అందుకోలేదు.

తొలిమోజు:

150 మైళ్ల విషయంలో మీరన్నది నిజం, ఒప్పుకుంటాను. అయితే 3.8కు 265 హార్స్‌పవర్, వీ12కు 272 అని పక్కపక్కన రాసి ఏడే తేడా అని తేల్చేవాళ్లు కూడా ఒకటి గమనించాలి. ఆ రెండు అంకెలనూ ఒకే పద్ధతిలో కొలవలేదు. మొదటిది ఇంజిన్‌కు తగిలించే సరంజామా చాలావరకు తీసేసి కొలిచిన అంకె. కాబట్టి అసలు తేడా కాగితం మీద కనిపించే దానికన్నా ఎక్కువే. ఇది నా వాదానికి ఎదురు తిరిగే వాస్తవమే అయినా దాచడం నాకు ఇష్టం లేదు.

కానీ ఆ పవర్ స్టీరింగ్ మరీ తేలిక. ముందు చక్రాల కింద రోడ్డు ఎలా ఉందో అరచేతికి తెలియాల్సింది పోయి, చక్రం ఊరికే తిరుగుతున్నట్టు ఉంటుంది. తొలి బండిలో పార్కింగ్ దగ్గర భుజాలకు పని చెబుతుంది గాని, కదలడం మొదలయ్యాక ఆ స్టీరింగ్‌తో సాటి వచ్చేది లేదు.

పానపట్టు:

ఇన్నేళ్లుగా ఈ బండ్లను విప్పి బిగించి బతుకుతున్న మనిషిగా నా అభిప్రాయం చెబుతున్నాను. ఇద్దరూ ఇంజిన్ గురించి, గేర్ల గురించి వాదించుకున్నారు. ఆ పనులన్నీ అయ్యేవే. ఈ-టైప్‌ను ముంచేది తుప్పు.

ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు. మనిషి కూర్చునే భాగమంతా రేకుతో మలిచిన పెట్టె. దాని ముందు ఇంజిన్‌ను మోసే చదరపు గొట్టాల చట్రం బోల్టులతో బిగించి ఉంటుంది. తలుపుల కింద పొడుగునా ఉండే సిల్లులే ఆ పెట్టెకు వెన్నెముక. టాపు మడిచే రకంలో పైకప్పు సాయం కూడా లేదు కనుక భారమంతా వాటి మీదే పడుతుంది. కాబట్టి ఆ వీ12ను చూడటానికి వెళ్లినప్పుడు ముందుగా బండిని సమతలం మీద ఆపించి, తలుపు అంచుకు, వెనక రేకుకు మధ్య సందు పైనా కిందా ఎంతుందో వేలితో తడిమి చూసుకోండి. తరువాత నాలుగు చక్రాలూ గాలిలో ఉండేలా ఎత్తించి అదే సందును మళ్లీ చూడండి. పైభాగంలో సందు మారినా, తలుపు గొళ్లెం దగ్గర పట్టేసినా ఆ సిల్లులు లోపల తినేసి ఉన్నట్టే. పైన రంగు ఎంత తళతళలాడినా ఆ బండి వద్దు.

ఆ తరువాత బానెట్ ఎత్తండి. ముందు చట్రం గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి, కంటికి కనిపించదు. అతుకుల దగ్గర, ముఖ్యంగా గొట్టాలు ఇంజిన్ వెనక గోడకు కలిసే చోట, కొత్త రంగు ముద్దగా కనిపిస్తే అనుమానించండి. వాటికి అతుకు వేసి వెల్డింగ్ చేయడం నేను ఒప్పుకోను. విప్పి కొత్తవి బిగించాల్సిందే. ఒకసారి నా దగ్గరికి వచ్చిన బండిలో అలాంటి గొట్టాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తడితే ఖంగుమనాల్సింది పోయి మెత్తగా పలికింది. కోసి చూస్తే లోపల పిడికెడు ఎర్రటి పొడి రాలింది. దాన్ని అమ్మినవాళ్లు పూర్తిగా బాగు చేసిన బండి అని రాసిచ్చారు.

మీరు చేసుకోగలనన్న బ్రేకుల పని గురించి కూడా ఒక మాట. ముందువి సులువే. వెనక డిస్కులు చక్రాల దగ్గర కాక డిఫరెన్షియల్‌కు (వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టెకు) ఇరుపక్కలా లోపల ఉంటాయి. వాటిని మార్చాలంటే వెనక సస్పెన్షన్ మొత్తాన్ని దాని చట్రంతో సహా కిందికి దించాలి. డిఫరెన్షియల్ సీళ్ల నుంచి నూనె కారితే నేరుగా డిస్కుల మీదే పడుతుంది. ఆరు సిలిండర్లకైనా పన్నెండింటికైనా ఇది ఒకటే. క్లచ్ కోసం ఇంజిన్, గేరుబాక్స్ కలిపి దించడం కూడా అంతే.

తేడా వచ్చేది వేడి దగ్గర. వీ12లో రెండు వరసల మధ్య పల్లంలో వేడి నిలిచిపోతుంది. అక్కడి రబ్బరు గొట్టాలు, వైర్లు పెళుసెక్కుతాయి. పెట్రోలు గొట్టం ఒకటి అలా పగిలితే బండి అంటుకుంటుంది, ఇది అతిశయోక్తి కాదు. కూలెంట్‌ను వేళకు మార్చకుండా మామూలు నీళ్లు పోస్తూ వచ్చిన బండిలో అల్యూమినియం హెడ్‌లు స్టడ్లకు కరిచిపట్టుకుపోతాయి. వాటిని ఊడదీయడానికి నాకు ఒక్కోసారి వారం పట్టింది. నాలుగు జెనిత్-స్ట్రామ్‌బర్గ్ కార్బొరేటర్లలో రబ్బరు పొరలు ఉంటాయి. ఒకటి చిరిగినా ఇంజిన్ తడబడుతుంది, ఎస్‌యూలలో పిస్టన్‌కు అలాంటి పొర లేదు.

ఇక మీరు అడగని బండి గురించి చెబుతాను, ఎందుకంటే ఈ ప్రశ్నకు నా జవాబు అదే. 1964 అక్టోబరులో 4.2 లీటర్ల ఇంజిన్ వచ్చింది. హార్స్‌పవర్ అంకె మారలేదు, కానీ లాగే బలం పెరిగింది. ముఖ్యంగా దానితో పాటు అన్ని గేర్లకూ సింక్రో ఉన్న గేరుబాక్స్, మెరుగైన బ్రేకు బూస్టర్, డైనమోకు బదులు ఆల్టర్నేటర్, మనిషి కూర్చోగలిగే సీట్లు వచ్చాయి. పన్నెండు గారు 3.8 మీద చెప్పిన ఫిర్యాదుల్లో ముక్కాలు వంతు ఆ ఒక్క విడతలోనే తీరిపోయాయి. సేయర్ గీసిన గీతను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. హెడ్‌లైట్ల మీది అద్దాలు 1967 దాకా అలాగే ఉన్నాయి. నడిపిన వాళ్ల ఇబ్బందులు విని చేసిన మార్పులు అవి. ఆ తరువాతివి చాలావరకు అమెరికా నిబంధనల కోసం చేసినవి. అందుకే 1965, 1966 నాటి 4.2 కూపే కోసం ఇంకో ఏడాది ఆగమని నా సలహా.

రెండోవిడత:

పానపట్టు గారు 1967 దగ్గర గీత గీసేశారు కనుక సిరీస్ 2 (రెండో విడత బండ్ల) తరఫున ఒక మాట చెప్పనివ్వండి. 1968లో హెడ్‌లైట్లు పైకి తేలాయి, నోరు పెద్దదయింది, బంపర్లు బరువెక్కాయి. అందం తగ్గిందంటే కాదనను. కానీ ఆ పెద్ద నోటి వల్ల, జంట ఫ్యాన్ల వల్ల వేడి అదుపులో ఉంటుంది. అద్దాల చాటున మసకబారిన పాత హెడ్‌లైట్లతో పోలిస్తే రాత్రిపూట దారి స్పష్టంగా కనిపిస్తుంది. బ్రేకులు కూడా మారాయి. ఒక్క జాగ్రత్త: అమెరికాకు పంపిన బండ్లకు మూడు ఎస్‌యూలకు బదులు రెండే స్ట్రామ్‌బర్గ్‌లు బిగించారు, ఆ బండి నీరసంగా ఉంటుంది.

పన్నెండు:

పానపట్టు గారు చెప్పిన వేడి సంగతి, కూలెంట్ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. నా బండిలో ఆ పల్లంలోని ప్రతి గొట్టాన్నీ తీసేసి కొత్తవి వేసుకున్నాకే నేను ధైర్యంగా బయటికి తీశాను. అయితే వీ12ను కేవలం నిబంధనల కోసం పుట్టిన బండిగా చూడటం న్యాయం కాదు. 1948 నుంచి మోస్తున్న ఆరు సిలిండర్ల ఎక్స్‌కే ఇంజిన్‌కు పొగ నిబంధనలు ఊపిరి ఆడనివ్వలేదు, అది వాస్తవం. దానికి జవాబుగా జాగ్వార్ పాతదాన్నే సాగదీయకుండా కొత్త ఇంజిన్‌ను మొదటి నుంచి తయారు చేసి, పెద్ద సెలూన్లకన్నా ముందు ఈ బండిలోనే పెట్టింది. ఈ-టైప్‌ను వాళ్లు చివరిదాకా చిన్నచూపు చూడలేదని నా నమ్మకం. ఆఖరి 50 బండ్లను, ఒక్కటి తప్ప అన్నిటినీ నల్లరంగులో, జ్ఞాపక ఫలకం బిగించి పంపారు.

దూరప్రయాణి గారూ, నిర్ణయించుకునే ముందు ఆ వీ12ను అరగంటైనా నడపండి.

దూరప్రయాణి:

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం రెండు బండ్లనూ చూసి వచ్చాను. 3.8 కూపేలో కూర్చుంటే మోకాలు స్టీరింగ్‌కు ఆనింది, అయినా దిగబుద్ధి కాలేదు. ముందు అద్దంలోంచి కనిపించే ఆ పొడవాటి బానెట్‌ను చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయాను. కానీ బానెట్ ఎత్తాక కుడివైపు గొట్టం వెనక గోడను కలిసే చోట, పానపట్టు గారు చెప్పినట్టే, రంగు ముద్దగా ఉంది. తట్టి చూస్తానంటే యజమాని వద్దన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

వీ12ను ఎత్తించి చూశాను. తలుపు సందు వెంట్రుకవాసి కూడా మారలేదు. కూలెంట్ మార్చిన రసీదులు వరసగా ఉన్నాయి. 4.2 కూపే కోసం ఆగాలన్న మాట నా మనసులో గట్టిగా నాటుకుంది, కానీ ఇలాంటి శరీరం ఉన్న బండిని వదులుకోవడమూ కష్టంగా ఉంది. ఆదివారం నడపడానికి ఒప్పుకున్నారు. ఆ అరగంటలో ఏం చూడాలి?

పానపట్టు:

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. స్టార్ట్ చేసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచే తీరు చూడండి. అరగంట నడిపి, ట్రాఫిక్‌లో కాసేపు నిలబెట్టి, ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి. తరువాత ఇంజిన్ ఆపి, బానెట్ మూసే ఉంచి, పావుగంట ఆగండి. ఆ వేడిలో ఒక్క తిప్పుకే అందుకుంటే, బానెట్ ఎత్తినప్పుడు పెట్రోలు వాసన రాకపోతే, 4.2 గురించి నేను చెప్పింది పక్కన పెట్టి ఆ బండినే తీసుకోండి.