మంగలి కత్తితో గడ్డం గీసుకోవడం నేర్చుకుంటున్నా, తెలిసినవాళ్లు చెప్పండి

కొత్తచేయి (కర్నూలు)
అందరికీ నమస్తే. మా తాత వాడిన మంగలి కత్తి ట్రంకు పెట్టెలో దొరికింది, రేకు మొదట్లో జోలింగెన్ అని జర్మనీ ఊరి పేరు ఇంకా కనిపిస్తోంది. తాత చివరిదాకా దీంతోనే గీసుకున్నాడు, నాకూ దీంతోనే నేర్చుకోవాలని ఉంది. మూడు వారాలైంది. బుగ్గల మీద ఎలాగో నడుస్తోంది కానీ గడ్డం మొన దగ్గరికి వచ్చేసరికి వెంట్రుక తెగకుండా పీకినట్టు లాగుతోంది. నిన్న దవడ కింద అంగుళం గాటు పడింది. అప్పటినుంచి కత్తి పట్టుకుంటేనే చేయి వణుకుతోంది, ఒకటే టెన్షన్. తప్పు ఎక్కడ చేస్తున్నా?

సానరాయి (అనంతపురం)
పీకుతోందంటే ముందు పదును చూడు తమ్ముడూ, చేతిని తర్వాత చూద్దాం. నేను మొదట ఆన్‌లైన్‌లో కొన్న కత్తి నేరుగా వాడుకోవచ్చని రాసి పంపారు. నెలరోజులు నా చేతే బాగోలేదనుకుని మొహమంతా గాట్లు పెట్టుకున్నా, తీరా చూస్తే దానికి అసలు అంచే లేదు. ముంజేతి వెంట్రుకల మీద, చర్మానికి తగలకుండా కాస్త ఎత్తులో కత్తి జరిపి చూడు, వెంట్రుకలు వాటంతట అవే తెగాలి. తెగకపోతే రాయి ఎక్కించాల్సిందే. 1000 గ్రిట్ (ఈ నంబర్ పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది) రాయి మీద అంచు కుదుర్చుకుని, 4000, 8000 దాటి, కుదిరితే 12000 దాకా వెళ్లు. కత్తి వీపు, అంచు రెండూ ఎప్పుడూ రాయికి ఆనే ఉండాలి, ఆ వీపు మందమే కోణాన్ని నిలబెడుతుంది. రాయి మీద అంచు ముందుకు నడవాలి, గీసే ముందు కత్తిని పట్టించే తోలు పట్టీ మీద మాత్రం వీపు ముందు, అంచు వెనక. తిప్పేటప్పుడు వీపు మీదే దొర్లించు. అంచు మీద తిప్పితే తోలు తెగుతుంది, పదునూ పోతుంది.

వీధుల్లో సైకిల్ చక్రంతో సాన పట్టేవాళ్లకు మాత్రం ఇవ్వొద్దు. కూరగాయల కత్తికి అది సరిపోతుంది, దీనికి మాత్రం ఆ వేడికి రేకు మెత్తబడిపోతుంది. రాయి మధ్యలో గుంట పడితే చదునైన కడప బండ మీద 400 నంబర్ వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి పరిచి దానిమీద రాయిని రుద్దు, చదును అయిపోతుంది.

పొదిబిడ్డ (ప్రొద్దుటూరు)
మా నాయనది సెలూన్, నేను పుట్టి పెరిగింది ఆ పొది పక్కనే కాబట్టి చెబుతున్నా. అన్న పదును గురించి చెప్పింది నిజం. అయితే పదునైన కత్తి ఇచ్చినా కొత్తవాళ్లు తెగ్గోసుకునేది ఎడమ చేయి వల్ల. అందరూ కత్తి పట్టిన చేతినే చూసుకుంటారు, కానీ చర్మాన్ని బిగించి పట్టేది రెండో చేయి. చర్మం డప్పు తోలులా బిగిసి ఉంటే కత్తి జారుతూ పోతుంది, వదులుగా ఉంటే మడతలో దిగుతుంది. గడ్డం మొన దగ్గర కింది పెదవిని పళ్లమీదికి లాక్కుని బిగబట్టు, అర అంగుళం అర అంగుళంగా గీయి. నీ గాటు దవడ కింద పడిందంటే తల వెనక్కి వాల్చకుండా, చర్మం కిందికి లాగకుండా గీసి ఉంటావు.

కోణం సుమారు 30 డిగ్రీలు. కొలవక్కర్లేదు, కత్తి వీపుకీ చర్మానికీ మధ్య వీపు మందానికి రెండింతల సందు ఉంటే చాలు. మూడు వేళ్లు పైన, చిటికెన వేలు తోక మీద (రేకు వెనక వంపు తిరిగిన కొస), బొటనవేలు కింద. నొక్కొద్దు. అంచు దిశలో పక్కకి మాత్రం ఒక్క వెంట్రుకవాసి కూడా జరపొద్దు, కూరగాయలు తెగేది అలాగే. జారి పడితే పట్టుకోబోవద్దు, పడనీ.

గీసే ముందు నిమిరి చూసుకో, వెంట్రుకలు ఎటు వాలితే అటే గీయి. మెడ మీద చాలామందికి అవి అడ్డంగా వాలి ఉంటాయి. ఎదురు గీత రెండు నెలల తర్వాత మాట. మా నాయన అరచేతి మీదే కత్తి పట్టించేవాడు, అది చూసి నువ్వు మొదలుపెట్టొద్దు, తోలు పట్టీ బిగుతుగా లాగి గీసే ముందు నలభై యాభై సార్లు తిప్పు. పట్టీ వదులైతే అంచు గుండ్రమవుతుంది.

ఇంకొకటి, తాత కత్తి కదా, మొదట స్పిరిట్‌తో బాగా తుడువు. ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వొద్దు, రక్తంతో అంటుకునే జబ్బుల భయం వల్లే మా సెలూన్‌లో కూడా సగం బ్లేడు పెట్టి ఎవరికి వాళ్లకు మార్చే కత్తికి వచ్చేశాం.

బోరునీళ్లు (కదిరి)
నురగ మాట ఎవరూ ఎత్తలేదే. మా బోరు నీళ్లతో సబ్బు ఎంత రుద్దినా పలచగానే వస్తుంది, రెండు నిమిషాలకే ఆరిపోతుంది, ఆరిన చోటే నాకు మంట. క్యాన్ నీళ్లు ఒక గ్లాసు పక్కన పెట్టుకుని బ్రష్ దాంట్లోనే తడుపుతున్నా, పెరుగులా గట్టిగా వస్తోంది. ఫ్యాన్ ఆపెయ్యండి. స్నానం చేశాక, ముఖం ఇంకా తడిగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

కొత్తచేయి (కర్నూలు)
అన్నా, మొహమంతా ఒకేసారి గీసుకోవాలా? మా ఇంట్లో మంగళ, శుక్ర, శనివారాలు ఎలాగూ గీయనివ్వరు.

పొదిబిడ్డ (ప్రొద్దుటూరు)
ఆ విరామం చర్మానికే మంచిది. మొదటి వారం బుగ్గలు మాత్రమే, మిగతాది నీ పాత రేజర్‌తో. తర్వాత మెడ, చివరగా మీసం కింద, గడ్డం మొన. అయ్యాక తుడిచి, తెరిచిపెట్టి ఆరనిచ్చి, చుక్క కొబ్బరినూనె రాసి మూయి. తడిపి పటిక రుద్దుకో, ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఎక్కువ నొక్కావని అర్థం.

కొత్తచేయి (కర్నూలు)
పదిహేను రోజుల తర్వాత రాస్తున్నా. 8000 రాయి మీద ఓపిగ్గా కూర్చున్నా, ముంజేతి వెంట్రుకలు ఇప్పుడు టపటపా రాలుతున్నాయి. నిన్న బుగ్గలు, మెడ పూర్తి చేశా, ఒక్క గాటు లేదు. గీస్తుంటే సన్నగా చరచరమని చప్పుడు వస్తోంది, తాత గదిలోంచి పొద్దున్నే వినిపించేది అదే. పటిక రుద్దితే బుగ్గల మీద అసలు మండలేదు. ఎడమ దవడ కింద మాత్రం చురుక్కుమంది, అక్కడ చర్మం లాగి పట్టుకోవడానికి నా చేయి ఇంకా సరిగ్గా అందట్లేదు, ఆదివారం తల మీదుగా చేయి తిప్పి పట్టుకుని చూస్తా.