రాబిన్ హుడ్స్ బేలో కారవాన్ సెలవు: మోకాళ్ళ నొప్పి ఉన్న నాన్నగారితో వీలవుతుందా?

పల్లెకారు (ప్రశ్న)

వచ్చే ఆగస్టులో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ తీరాన, విట్బీ పట్టణానికి దక్షిణంగా ఉన్న రాబిన్ హుడ్స్ బే అనే పాత జాలరి పల్లెలో వారం రోజులు కారవాన్‌లో, అంటే పడకలు, వంటగది ఉన్న చక్రాల ఇంట్లో, గడపాలనుకుంటున్నాము. ఇండియా నుంచి వచ్చే మా అమ్మానాన్నలు, మేమిద్దరం, పదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు కలిసి వెళతాము. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి ఉంది. చదునైన దారిలో నిదానంగా ఎంత దూరమైనా నడుస్తారు గాని దిగుడు దారి అంటే భయపడతారు. మిత్రుల కారవాన్‌ను మా ఏడు సీట్ల కారుకు తగిలించుకొని వెళ్ళడం మంచిదా, లేక అక్కడే స్థిరంగా ఉండే స్టాటిక్ కారవాన్‌ను అద్దెకు తీసుకోవడం మంచిదా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. పెద్దవాళ్ళతో అక్కడికి వెళ్ళి వచ్చినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

అలల_ఒడ్డు

స్టాటిక్ కారవాన్ తీసుకోండి. కారణం ఆ ఊరి నేల తీరులోనే ఉంది. ఊరు రెండు భాగాలుగా ఉంటుంది: పైన కొండ అంచున చదునుగా ఉండే కొత్త భాగం, కింద సముద్రం దాకా జారుడుగా దిగే పాత భాగం. ఈ రెంటినీ కలిపే వీధి ఎంత ఏటవాలుగా ఉంటుందంటే, సందర్శకుల కార్లను కిందికి అనుమతించరు. పైన ఉన్న కార్ పార్కుల్లోనే ఆపి నడవాలి. ఎర్ర పెంకుల ఇళ్ళు ఒకదానిపై ఒకటి ఆనుకున్నట్టు నిలిచిన ఆ ఇరుకు సందుల్లోనే పద్దెనిమిదో శతాబ్దంలో టీ, జిన్, పొగాకు వంటివి సుంకం ఎగవేసి దొంగచాటుగా దింపుకొనేవారు. సరుకు వీధిలోకి రాకుండానే ఇంటి నుంచి ఇంటికి చేతులు మారుతూ కొండపైకి చేరేదని చెప్పుకుంటారు. ఊరి కింద సొరంగంలో పారే వాగును చూస్తే ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది.

మీ నాన్నగారిని రోజూ కిందికి దింపాలని చూడకండి. ఆయనకు అసలైన దారి పైనే ఉంది. స్కార్‌బరో నుంచి విట్బీకి 1885లో వేసిన రైలు మార్గం 1965లో మూతపడ్డాక, ఆ పట్టాల జాడను నడకకు, సైకిళ్ళకు బాటగా మార్చారు. దాని పేరు సిండర్ ట్రాక్. రైలు కోసం వేసిన బాట కనుక ఎక్కడా నిటారుగా ఉండదు, చాలాచోట్ల అఖాతం కనిపిస్తూనే ఉంటుంది. విట్బీలో చర్చి దగ్గరికి వెళ్ళే 199 మెట్లు కూడా ఆయనకు అవసరం లేదు, కొండపైన మఠం శిథిలాల పక్కనే కార్ పార్కు ఉంది. పికరింగ్ నుంచి కొండల మధ్యగా నడిచే ఆవిరి రైలు ఒక రోజుకు సరిపోతుంది, బహుశా పిల్లలకంటే పెద్దలకే ఎక్కువగా నచ్చుతుంది.

కారవాన్ బుక్ చేసేటప్పుడు గుమ్మానికి ఎన్ని మెట్లున్నాయో, వాలు బల్ల అమర్చినది దొరుకుతుందో లేదో తప్పక అడగండి. ఫొటోల్లో ఆ మెట్లు కనిపించవు.

లాగుడుబండి

పై సలహాతో నేను సగమే ఏకీభవిస్తాను. సొంత కారవాన్ ఇచ్చే స్వేచ్ఛ వేరు, కనుక లాగే విషయాన్ని పూర్తిగా తోసిపుచ్చకండి. 2021 డిసెంబరు 16 నుంచి బ్రిటన్‌లో మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల వరకు బరువున్న ట్రైలర్‌ను, మీ కారు సామర్థ్యానికి లోబడి, లాగవచ్చు. అయితే అసలు చిక్కు లైసెన్సుది కాదు, బరువుది. ఆరుగురు ఎక్కిన ఏడు సీట్ల కారులో సామాను పెట్టడానికి చోటు మిగలదు, అదంతా కారవాన్‌లోకి వెళుతుంది, దాని బరువు అనుమతించిన హద్దును దాటుతుంది. కొత్తగా లాగేవారు కారవాన్ బరువును కారు బరువులో 85 శాతానికి మించనివ్వకూడదని అనుభవజ్ఞులు చెబుతారు.

దారి విషయంలో జాగ్రత్త అవసరం. థర్స్క్ అనే ఊరి వైపు నుంచి వచ్చే ఏ170 రోడ్డు మీద సట్టన్ బ్యాంక్ అనే ఏటవాలు ఎక్కుడు ఉంది. అక్కడ కారవాన్లు నిషిద్ధం, మామూలు నావిగేషన్ మాత్రం ధీమాగా అటే పంపవచ్చు. యార్క్ నుంచి ఏ64 మీద స్కార్‌బరో వైపు వెళ్ళి, ఏ171 పట్టుకొని ఉత్తరానికి రండి. పికరింగ్ నుంచి ఏ169 మీద వస్తే స్లైట్స్ అనే ఊరి దగ్గర నిటారుగా దిగాలి, మొదటిసారి లాగేవారికి అది తగదు. కారవాన్ లాగేటప్పుడు వచ్చే, పోయే బండ్ల మధ్య విభజన లేని (సింగిల్ క్యారేజ్‌వే) రోడ్లపై గంటకు 50 మైళ్ళు, మోటార్‌వేపై 60 మైళ్ళు మించకూడదు. మూడు లేన్ల మోటార్‌వేలో కుడి చివరి లేన్ మీది కాదు.

ఇంకొకటి, వంట గురించి. చాలా పార్కుల్లో కారవాన్‌కు ఇచ్చే కరెంటు 10 లేదా 16 ఆంపియర్లు మాత్రమే. ఇంట్లో వాడే మూడు కిలోవాట్ల కెటిల్ ఒక్కటే సుమారు 13 ఆంపియర్లు లాగేస్తుంది. 10 ఆంపియర్ల చోట రైస్ కుక్కర్ నడుస్తుంది, కాని దానితో పాటు హీటర్ కూడా వేస్తే అన్నం ఉడికేలోగా కరెంటు పోతుంది.

పల్లెకారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బరువు లెక్క చూశాక స్టాటిక్ కారవాన్‌కే మొగ్గుతున్నాము. కాని పిల్లలకు సముద్రపు ఒడ్డే ముఖ్యం. నాన్నగారు, అమ్మ పైన ఉండగా మేము పిల్లలతో కిందికి దిగితే ఒడ్డున భయం లేకుండా ఆడించగలమా?

నత్తగుల్ల

ఆడించగలరు, కాని మీ రోజును గడియారం కాదు, ఆటుపోట్ల పట్టిక నిర్ణయించాలి. పోటు సమయంలో నీరు ఊరి అడుగున గోడ దాకా వస్తుంది, అప్పుడు ఆడుకోవడానికి ఒడ్డే మిగలదు. ఆటు వేళ మాత్రం రాతి పలకల వరుసలు చాలా దూరం బయటపడి, వాటి మధ్య గుంటల్లో పీతలు, సముద్రపు పూలు (పువ్వులా కనిపించే సీ అనెమనీ అనే జీవులు) కనిపిస్తాయి. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది కనుక సోమవారం కుదిరిన వేళ గురువారం కుదరదు. నీరు తగ్గుతున్నప్పుడే దిగి, తిరిగి పెరగడానికి ముందే వెనక్కి రండి. దక్షిణాన మైలు దూరంలో ఉన్న బాగిల్ హోల్ దాకా ఒడ్డు వెంట నడవాలనిపిస్తే ఈ నియమం మరీ ముఖ్యం, ఎందుకంటే మధ్యలో కొండచరియ కిందే చిక్కుకుపోతారు. ఆలస్యమైందని అనిపిస్తే బాగిల్ హోల్ నుంచి చరియ పైనుండే క్లీవ్‌లాండ్ వే బాట మీదుగా రండి. ఎవరైనా చిక్కుకుంటే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలి.

మీ పాపకు శిలాజాలంటే ఇష్టమైతే, జురాసిక్ కాలపు ఆ రాళ్ళ నుంచి విడివడిన అమ్మోనైట్లు (చుట్టలు తిరిగిన గుల్ల ఉన్న పురాతన సముద్రజీవుల శిలాజాలు) గులకరాళ్ళ మధ్య దొరుకుతాయి. చరియను సుత్తితో కొట్టనివ్వకండి. దాని కింద కూర్చోనివ్వకండి కూడా, వాన తరువాత రాళ్ళు రాలుతాయి. వాన పడితే అడుగున ఉన్న పాత కోస్ట్‌గార్డ్ స్టేషన్‌లోకి వెళ్ళండి, వారసత్వ స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దాన్ని సందర్శక కేంద్రంగా నడుపుతోంది.

నాన్నగారు ఒక్కసారైనా కింది పల్లె చూడాలంటే, రద్దీ లేని ఉదయం వేళ ఆటు ఉన్న రోజును ఎంచుకోండి. దిగేటప్పుడు చేతికర్ర, పక్కన పట్టుకోవడానికి మీరు ఉంటే చాలు. ఎక్కేటప్పుడు తొందరపడకుండా దారిలో రెండు మూడు చోట్ల కూర్చోబెట్టండి.